నేలమీద దారి తప్పిన విమానములు



విమానప్రమాద మనగనే మన మనస్సునకు మొదట తోచునది ఆకాశము. మేఘములలో చిక్కుకొనుట, యంత్రము చెడుట, కొండను ఢీకొనుట మొదలగు వానిని గూర్చి మనము వార్తలలో వినుచుందుము. విమానము చక్రములపై మెల్లగా నేలమీద సాగుచున్నంతసేపు భయమునకు కారణ మేమియు లేదని యెల్లరును తలంతురు. ఈ తలంపు సత్యము కాదు. విమానయాన చరిత్రలో సంభవించిన ప్రమాదము లన్నింటిలోను అత్యధిక ప్రాణనష్టము కలిగించినది విమానాశ్రయములోని బాటమీదనే జరిగినది. 1977వ సంవత్సరమున రెండు మహావిమానములు ఒకే బాటమీద ఢీకొనగా 583 మంది మరణించిరి. వానిలో ఒకటి నేలమీద నడచుచుండెను. రెండవది అప్పుడే నేల విడుచుటకు పరుగెత్తుచుండెను.

విమానము నేలమీద దారి తప్పుట యెట్లు సంభవించును? అట్టి పొరపాటుల వలన లోకము నేర్చుకొనిన దేమి? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నేడు మనవి చేయదలచితిని. మన గ్రామముల బిడ్డలు చదువులకును, ఉద్యోగములకును విమానమెక్కి దూరదేశముల కేగుచున్న కాలమిది. కావున ఈ విషయము మనకు సంబంధింపనిది కాదు.

ముందుగా విమానాశ్రయ స్వరూపమును కొంత తెలిసికొనవలెను. విమానములు పుట్టిన క్రొత్తలో వానికి బాటలు లేవు. విశాలమైన పచ్చికబయలు ఒక్కటి చాలును. చోదకుడు గాలి యెటునుండి వీచుచున్నదో చూచి, దాని కెదురుగా విమానమును త్రిప్పి, పరుగెత్తించి పైకి లేచెడివాడు. బాటయే లేనిచోట బాట తప్పుట యెక్కడిది? విమానములు పెరిగి బరువెక్కిన కొలదిని పచ్చిక చాలక, కాంక్రీటుతోను తారుతోను గట్టిబాటలు వేయవలసి వచ్చెను. లేచుటకును దిగుటకును వేసిన పొడవైన బాటను రన్‌వే యందురు. దానిని నేను పరుగుబాట యని పిలిచెదను. ప్రయాణికులు ఎక్కిన తావునుండి విమానమును పరుగుబాట యొద్దకు చేర్చు దారులను టాక్సీవే లందురు. వానిని నడకబాట లనెదను. పెద్ద విమానాశ్రయములలో పరుగుబాటలు మూడు నాలుగుండి కొన్నియెడల ఒకదాని నొకటి అడ్డముగా దాటుచుండును. నడకబాటలు వాని నడుమ సాలెగూటివలె అల్లుకొని యుండును.

పరుగుబాటకు పేరు దిక్కునుబట్టి వచ్చును. ఉత్తరమునుండి ప్రదక్షిణముగా దిక్చక్రమును 360 డిగ్రీలుగా విభజించి, బాట చూచు దిక్కు యొక్క సంఖ్యనుండి చివరి సున్న తీసివేయుదురు. 220 డిగ్రీల దిక్కునకు పోవు బాట పేరు 22. 260 డిగ్రీల దిక్కునకు పోవునది 26. ఒకే దిక్కునకు పోవు బాటలు రెండు పక్కపక్కనున్నచో ఎడమది, కుడిది యని చేర్చెదరు. నడకబాటలకు అక్షరములు పేర్లు. రాత్రివేళ గుర్తించుటకు పరుగుబాట అంచులందు తెల్లని దీపములును, నడకబాట అంచులందు నీలి దీపములును, నడుమ ఆకుపచ్చ దీపములును, ఆగవలసినచోట ఎర్రదీపములును అమర్తురు. ఎత్తైన కంట్రోలు టవరునందు కూర్చున్న ఉద్యోగి రేడియో మూలమున ప్రతి విమానమునకు దారి చెప్పుచుండును.

ఇన్ని గురుతులుండగా దారి తప్పుటయేల యని మీరడుగవచ్చును. పెద్దవిమానమున చోదకుడు కూర్చుండుచోటు నేలకు సుమారు 30 అడుగుల ఎత్తున నుండును. తన ముక్కు క్రిందనున్న నేల అతనికి కనబడదు. రెక్కల కొననుండి కొనకు సుమారు 200 అడుగుల వెడల్పుండును గనుక దారి తప్పినచో బండివలె వెనుకకు మరల్చుకొనుటకు వీలుపడదు. దానికితోడు అది క్రొత్త ఊరు; అర్ధరాత్రమో, మంచు క్రమ్మిన ఉదయమో కావచ్చును. టవరునందున్నవానికి గూడ పొగమంచులో విమానము కనబడదు. ఇరువురకు నడుమ నున్నది మాట యొక్కటే.

ఇచట మన తర్కశాస్త్రమునుండి ఒక భేదమును జ్ఞప్తికి తెచ్చెదను. అయథార్థ జ్ఞానమును విభజించుచు తార్కికులు సంశయము వేరు, విపర్యయము వేరు అనిరి. చీకటిలో కనబడునది స్తంభమా, మనుష్యుడా యని తోచుట సంశయము. ముత్యపుచిప్పను చూచి యిది వెండియే యని నిశ్చయించుకొనుట విపర్యయము. సంశయము కలవాడు ఆగి చూచును. విపర్యయము కలవాడు ఆగడు. నేను చెప్పబోవు ప్రమాదములలో ప్రతిదానియందును ఏదో యొక క్షణమున సంశయమునకు తావు కలిగినది. దానిని అడిగి తీర్చుకొనక త్రోసివేయుటచే అది విపర్యయమైనది. ఈ దృష్టితో వినుడు.

మొదటిది 1977వ సంవత్సరము మార్చి 27వ తేదీ నాటిది. ఆఫ్రికా ఖండమునకు వాయవ్యమున సముద్రమునందు స్పెయిను దేశమునకు చెందిన కెనరీ ద్వీపములు కలవు. ఆనాడు గ్రాన్ కెనరియా ద్వీపమందలి విమానాశ్రయమున ఒక పూలదుకాణములో బాంబు ప్రేలెను. అచటికి రావలసిన విమానములను పొరుగుననున్న టెనరీఫ్ ద్వీపమునకు మరల్చిరి. టెనరీఫ్‌నందలి లోస్ రోడియోస్ విమానాశ్రయము చిన్నది. సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల ఎత్తుననున్న చోటగుటచే మేఘములే వచ్చి బాటపై పరచుకొనుచుండును. దానికి పరుగుబాట యొక్కటియే. ప్రక్కన నడకబాట యున్నను మరల్చబడి వచ్చిన విమానములతో అది నిండిపోయెను. కావున లేవవలసిన విమానములు పరుగుబాటపైననే నడచి దాని చివరకు పోవలసివచ్చెను.

హాలండు దేశపు కె.ఎల్.ఎం. సంస్థ విమానము ముందుగా పోయి, బాట చివర వెనుకకు తిరిగి నిలిచెను. అమెరికా దేశపు పాన్ అమెరికన్ సంస్థ విమానము దాని వెనుక అదే బాటపై నడచుచు, ఎడమవైపుననున్న మూడవ దారిని బాటనుండి తొలగిపోవలెనని టవరు చెప్పెను. ఆ దారుల మొగలయందు సంఖ్యాఫలకములు లేవు. మంచు దట్టముగానుండెను. అదిగాక ఆ మూడవ దారి వెనుకవైపునకు వంగియుండుటచే దానిలోనికి పోవలెనన్నచో అంత పెద్దవిమానమును 148 డిగ్రీలు త్రిప్పవలెను. నాలుగవ దారి ఏటవాలుగా సుళువుగానుండెను. చోదకులు మూడవదానిని దాటి నాలుగవదాని వైపు సాగిరి. ఇంతలో హాలండు విమానపు ప్రధానచోదకుడు లేచుటకు అనుమతి రాకుండగనే పరుగు నారంభించెను. ఆగియుండుమని టవరు చెప్పిన మాటయు, మేమింకను బాటమీదనే యున్నామని అమెరికా చోదకులు పలికిన మాటయు ఒకే క్షణమున కలిసి, వినువారి చెవికి కీచుధ్వనిగా మాత్రమే చేరెను.

అయినను సంశయము ఒకనికి కలిగెను. హాలండు విమానములోని ఇంజనీరు, ఆ అమెరికా విమానము బాటనుండి తొలగలేదేమోయని ప్రశ్నించెను. ప్రధానచోదకుడు తొలగినదని దృఢముగా బదులు చెప్పెను. ఆయన సామాన్యుడు కాడు. తన సంస్థలో ఆ జాతి విమానములను నడపుట ఇతరులకు నేర్పిన ప్రధాన శిక్షకుడు. అట్టివాడు అంత నిశ్చయముగా చెప్పగా చిన్నవాడు రెండవమారు అడుగలేదు. కొలది క్షణములలో రెండు విమానములును తాకెను. హాలండు విమానములోని 248 మందియు, అమెరికా విమానములోని 396 మందిలో 335 మందియు మరణించిరి. 61 మంది మాత్రము బ్రదికిరి.

రెండవది అమెరికాలోని డిట్రాయిట్ నగరమున 1990వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన జరిగినది. ఒకే సంస్థకు చెందిన రెండు విమానములు పొగమంచులో బయలుదేరెను. వానిలో చిన్నది నడకబాట మలుపు తప్పి, తిరిగి తిరిగి తుదకు రెండవ విమానము పరుగెత్తుచు వచ్చుచున్న పరుగుబాటపైకే చేరెను. పెద్దవిమానపు కుడిరెక్క చిన్నవిమానపు ప్రక్కను చీల్చివేసెను. చిన్నవిమానమందలి 44 మందిలో 8 మంది మృతులైరి.

ఈ ప్రమాదమున కారణము విచిత్రమైనది. ప్రధానచోదకుడు అనారోగ్యముచే కొన్ని సంవత్సరములు పనికి దూరమై అప్పుడే తిరిగివచ్చినవాడు. సహచోదకుడు తనకు లేని అనుభవమును ఉన్నట్లు చెప్పుకొనెను. పెద్దవాడు చిన్నవానిని నమ్మి దారిచూపు భారమంతయు అతనికి విడిచెను. ఆ చిన్నవానికి దారి తెలియదు. విచారణ జరిపిన ప్రభుత్వసంఘము, వీరిరువురి స్థానములు తారుమారైనట్లు నిర్ణయించి, మరొక్క మాట కూడ చెప్పినది: తామెక్కడ నున్నదియు తెలియనప్పుడు వెంటనే విమానమును నిలిపి టవరునకు సకాలమున చెప్పకపోవుట తప్పు. ఈ తీర్పు మన ప్రసంగమునకు మూలసూత్రము వంటిది.

మూడవది 2000వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీ రాత్రి తైవాను ద్వీపమందలి తైపే నగరపు విమానాశ్రయమున జరిగినది. తుపాను వీచుచుండెను, వాన కుండపోతగా కురియుచుండెను. సింగపూరు విమానసంస్థకు చెందిన గొప్పవిమానము 5 అను సంఖ్యగల జంటబాటలలో ఎడమదానిపై లేవవలసియుండెను. కుడిబాట మరమ్మతు కొరకు మూయబడి, దానిపై యంత్రములు నిలిపియుండెను. నడకబాటనుండి మలుపు తిరుగుచోట ఆకుపచ్చ దీపముల వరుస కుడిబాటలోనికి ప్రకాశముగా వంగిపోవుచుండెను. ఎడమబాటకు నేరుగా పోవు దీపములలో ఒకటి వెలుగకుండెను, మరొకటి మసకగా నుండెను. చోదకులు వెలుతురు వెంట పోయిరి. బాట నడిమిగీటుకు విమానము సరిపడినదో లేదో చూపు యంత్ర మొకటి వారి కెదుట నుండెను. అది పనిచేయుట లేదని వారు గమనించియు, బాట కంటికి కనబడుచున్నది గదాయని దానిని లెక్కచేయలేదు. యంత్రము చెడిపోలేదు, వేరుబాటపై నుండుటచేతనే అది మౌనము వహించినది. విమానము పరుగెత్తి మరమ్మతు యంత్రములను ఢీకొనెను. 179 మందిలో 83 మంది చనిపోయిరి.

నాలుగవది ఇటలీ దేశపు మిలాన్ నగరమునందలి లినాటే విమానాశ్రయమున 2001వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీ ఉదయమున జరిగినది. పొగమంచులో 200 మీటర్ల దూరము కూడ కనబడకుండెను. నలుగురు మాత్రమెక్కిన ఒక చిన్నవిమానము అయిదవ నడకబాటను పోవలెనని టవరు చెప్పెను. చీలికయొద్ద అది ఆరవ బాటను పట్టెను. అయిదవది ఉత్తరమున చుట్టి పోవును. ఆరవది నేరుగా పరుగుబాటను దాటును. బాటపై వ్రాసిన గురుతులు అరిగిపోయి యుండెను. చిన్నవిమానపు చోదకుడు దారిలో నేలపై తనకు కనబడిన ఒక గురుతు పేరును టవరునకు చెప్పెను. ఆ గురుతు టవరులోని పటములలో లేనేలేదు. ఇదెక్కడి పేరని గట్టిగా విచారించి యుండినచో ఆ విమానము తప్పుదారిలో నున్నదని తేలియుండెడిది. విమానము వేరొకచోట నున్నదని తలచి ఉద్యోగి ముందుకు సాగుమనెను. అది ఎర్రదీపముల వరుసను దాటి పరుగుబాటపైకి వచ్చెను. అప్పుడే కోపెన్‌హాగెన్ నగరమునకు పోవుటకై 110 మందితో ఒక విమానము పరుగెత్తి లేచుచు దానిని తాకి, అదుపుతప్పి, ప్రయాణికుల సామానులను ఉంచు కట్టడమును ఢీకొనెను. రెండు విమానములలోని వారందరును, ఆ కట్టడములో పనిచేయుచున్న నలుగురును, మొత్తము 118 మంది మృతినొందిరి.

నేలమీది విమానములను మంచులో గూడ చూపగల పాత రాడారును అంతకుముందే తీసివేసిరి. క్రొత్తది యింకను అమర్చబడలేదు. కావున దోషమునంతయు ఆ చోదకులమీదనే వేయుట ధర్మము కాదు. అరిగిన గురుతును మరల వ్రాయనివాడు, పటమును సరిచూడనివాడు, యంత్రమును ఆలసింపజేసినవాడు గూడ ఆ తప్పుదారిలో పాలివారే. ఇటలీ న్యాయస్థానము లట్లే తలచి పలువురు అధికారులను శిక్షించినవి.

అయిదవది 2006వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన అమెరికాలోని లెక్సింగ్టన్ పట్టణమున తెల్లవారకముందు జరిగినది. ఇచట మంచులేదు, తుపానులేదు. రెండవ విమానము కూడ లేదు. చోదకులు 22వ సంఖ్యగల బాటపై లేవవలెను. దాని పొడవు 7,003 అడుగులు. దానికి పోవుదారిలో మొదట తగులునది 26వ బాట. దాని పొడవు 3,501 అడుగులు మాత్రమే. వారు దారిలో పనికి సంబంధింపని మాటలు చెప్పుకొనుచు, ఆ పొట్టిబాటమీదికే తిరిగి పరుగు నారంభించిరి. దీపములు లేకపోవుట వింతగానున్నదని సహచోదకుడు పరుగునడుమ అనెను, ప్రధానచోదకుడు ఔననెను. అంతటితో ఆ సంభాషణ ముగిసెను. ఎదుటనున్న దిక్సూచిని చూచినచో 220కి బదులు 260 డిగ్రీల దిక్కు కనబడియుండును. టవరునందు ఒక్క ఉద్యోగియే యుండెను. రెండుగంటల నిద్రతో వచ్చిన ఆయన, అనుమతి ఇచ్చి వేరుపనికై ముఖము త్రిప్పుకొనెను. బాట తరిగిపోయెను, విమానము లేవలేదు. 50 మందిలో సహచోదకు డొక్కడే బ్రదికెను.

ఇంతమంది ప్రాణములు పోయిన పిమ్మట లోకము నేర్చినదేమి? మొదటిది మాటలను గూర్చినది. టెనరీఫ్ ప్రమాదము తరువాత, లేచుటకు సంబంధించిన "టేకాఫ్" అను పదమును ఆ అనుమతి నిచ్చునప్పుడును, రద్దుచేయునప్పుడును తప్ప మరెన్నడును వాడరాదని నియమమేర్పడెను. పరుగుబాటకు సంబంధించిన యాజ్ఞలను చోదకుడు తిరిగి పలికి వినిపింపవలెను. వేదపాఠమున శిష్యుడు గురువు చెప్పినదానిని మరల వల్లించినప్పుడే తప్పు బయటపడునట్లు, ఇచటను ఆ పద్ధతి పనిచేయును. 2010వ సంవత్సరమునుండి అమెరికాలో దారిలోనున్న ఒక్కొక్క పరుగుబాటను దాటుటకు వేరువేరుగా అనుమతి పొందవలెను.

రెండవది గురుతులను గూర్చినది. పరుగుబాటకు ముందు ఎర్రని ఫలకముపై తెల్లని అక్షరములు. దారిచూపుటకు పసుపుపచ్చని ఫలకముపై నల్లని బాణము. ఉన్నచోటు పేరు తెలుపుటకు నల్లని ఫలకముపై పసుపు అక్షరము. లోకమంతటను ఈ పద్ధతి యొక్కటే. పూర్వము పొరపాటులు జరిగిన మలుపులనును, జరుగవచ్చునను మలుపులనును విమానాశ్రయ పటములపై గీటుచుట్టి చూపుచున్నారు. ఏ మలుపున పూర్వులు తప్పిరో అది తరువాతివారి పటమునకెక్కినది. చరిత్ర యనగా రాజుల పేర్లు వల్లించుట మాత్రమే యని తలచువారు ఈ పటములను చూడవలెను.

మూడవది, నాయెన్నికలో ముఖ్యమైనది, మనుష్యులను గూర్చినది. ప్రధానచోదకుని మాటయే వేదమను ఆచారమును మాన్పించి, చిన్నవాడు తన సంశయమును బిగ్గరగా చెప్పునట్లును, పెద్దవాడు దానిని విని సమాధానపడువరకు ఆగునట్లును చోదకులకు శిక్షణ నిచ్చుచున్నారు. తానెక్కడనున్నదియు తెలియని చోదకుడు నిలిచి, నాకు తెలియదు, దారి చెప్పుడని టవరు నడుగుట చేతగానితనము కాదు. అది అతని విధి.

ఇట్లనుటచే ప్రమాదము లంతరించినవని తలపరాదు. 2024వ సంవత్సరము జనవరి 1వ తేదీన జపానులో భూకంపము వచ్చెను. మరునాడు బాధితులకు సహాయసామగ్రి కొనిపోవుటకై తీరరక్షకదళపు చిన్నవిమానమొకటి టోక్యోలోని హనేడా విమానాశ్రయమున బయలుదేరెను. నీవు వరుసలో మొదటివాడవు, ఆగవలసిన గీటువరకు పొమ్మని టవరు చెప్పెను. ఆ మాటను చోదకులు తిరిగి సరిగానే పలికిరి. కాని మొదటివాడవనుటయే లేచుటకు అనుమతియని గ్రహించి పరుగుబాటపైకి పోయి సుమారు 40 సెకండులు నిలిచిరి. ఆకాశమునుండి దిగుచున్న పెద్దవిమానము దానిపైకి వచ్చెను. చిన్నవిమానమందలి ఆరుగురిలో అయిదుగురు మరణించిరి. పెద్దవిమానము కాలిపోయినను, అందలి 379 మందియు ప్రాణములతో బయటపడిరి. శబ్దము సరిగానున్నను అర్థము తప్పవచ్చునని దీనివలన తెలియుచున్నది. టవరునందలి యంత్రఫలకముపై హెచ్చరిక కనబడినను ఉద్యోగి దానిని గుర్తింపలేదు. యంత్రము సంశయమును పుట్టింపగలదు. దానిని పట్టించుకొనవలసినవాడు మనుష్యుడే.

పెద్దలారా, ఈ వృత్తాంతములలోని చోదకులు మూర్ఖులు కారు, సోమరులు కారు. పెక్కువేల గంటలు ఆకాశమున నడచినవారే వారిలో కలరు. మేఘములలో తప్పని దారి నేలమీద తప్పిరి. ఏలయన ఆకాశమున జాగ్రత్త సహజముగా కలుగును. నేలమీద మెల్లగా పోవునప్పుడు ఇది తెలిసినదారియే గదా యను భావము కలుగును.

మనము విమానములు నడుపువారము కాము. కాని ఇండ్లలోను, గ్రామసభలలోను ప్రధానస్థానమున కూర్చుండువారము మనమే. భూమి కొనునప్పుడు, పత్రముపై చేవ్రాలు చేయునప్పుడు, పిల్లకు సంబంధము నిశ్చయించునప్పుడు కుర్రవాడొకడు వెనుకనుండి, తాతా, ఇది సరియేనా యని అడుగును. నీకేమి తెలియునని మనమొక్కమాట గట్టిగా అన్నచో వాడు రెండవమారు అడుగడు. టెనరీఫ్ బాటమీద ఆ ఇంజనీరును రెండవమారు అడుగలేదు. ఆ రెండవప్రశ్నకు తావిచ్చి యుండినచో ఆనాటి 583 మంది తమ తమ ఇండ్లకు చేరియుందురేమో. అడిగినవాని వయస్సును చూడక, అడిగిన మాటను చూచి, ఒక్కక్షణ మాగుట మనకు పెద్దరికము.